బాటలు వేయించిన రాణి మంగమ్మ

మనం యీ దక్షిణ దేశానికి వచ్చి ఎన్ని తరాలయిందో లెక్కపెట్టి చెప్పగలవారు మనలో కొద్దిమందే వుంటారు. కొందరి పెద్దలు విజయనగరపు సేనల వెంట వచ్చారు. కొందరి పెద్దలు నాయకరాజుల కాలంలో నల్లరేగడి చేలు వెతుక్కుంటూ వచ్చి మధుర, తిరునెల్వేలి, కోయంబత్తూరు సీమల్లో పల్లెలు కట్టుకొన్నారు. మరికొందరం వుద్యోగం కోసమో, మిల్లు పని కోసమో ఆలస్యంగా రైలెక్కి వచ్చినవాళ్లం. ఎవరు ఏనాడు వచ్చినా వొక దారి పట్టుకొనే వచ్చారు. ఆ దారి ఎవరు వేశారు, ఎవరు కాపాడారు అన్నది మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఉగాది సంచికల్లో కవుల చరిత్రలూ, భక్తుల చరిత్రలూ మనం చదువుతూనే వుంటాం. ఈసారి దారుల మూలంగా జనం నోట నిలిచిన వొక తెలుగు రాణి చరిత్రను తలచుకొందాం.

మధుర రైల్వే స్టేషను వాకిట నిలబడి ఎదుటికి చూస్తే మంగమ్మ సత్రం వుంటుంది. తమిళ సోదరులు మంగమ్మాళ్ చత్తిరం అంటారు. మూట చేతబట్టుకొని రైలు దిగిన యాత్రికులు ఆ పేరు ముందు నుంచే నడిచి మీనాక్షి అమ్మవారి గుడికి పోతారు. రైలు మధురకు వచ్చింది 1875లో. రాణి మంగమ్మ అప్పటికి దాదాపు నూట డెబ్బయి యేండ్ల క్రిందటే కాలం చేసింది. చాలామంది స్టేషనుకు ఎదురుగా సత్రం కట్టారనుకొంటారు. నిజానికి సత్రానికి ఎదురుగా స్టేషను వచ్చింది.

మంగమ్మ తండ్రి తుపాకుల లింగమ నాయకుడు. మధుర నాయకరాజు చొక్కనాథుని కొలువులో సేనానాయకుడు. చొక్కనాథుడు మధురలో మహలు కట్టించిన తిరుమల నాయకుని మనుమడు. 1659లో గద్దె ఎక్కాడు. విశ్వనాథ నాయకుడు 1529లో నిలబెట్టిన రాజ్యం అది. చొక్కనాథుడు రాజధానిని మధుర నుంచి తిరుచిరాపల్లికి మార్చాడు. తంజావూరు నాయకరాజు విజయరాఘవుని కుమార్తెను తనకిమ్మని అడిగించాడు. ఆయన ఇవ్వనన్నాడు. 1673లో ఆ తగవు యుద్ధమయి తంజావూరు నాయకవంశమే కూలిపోయింది. పోనీ గెలిచినవారికయినా ఆ గెలుపు దక్కిందా అంటే అదీ లేదు. రెండేండ్లు తిరిగేసరికి తంజావూరు మరాటీల చేతిలోకి పోయింది. పడమటినుంచి మైసూరువారు వచ్చి కోయంబత్తూరు సీమను వొక్కొక్క కోటగా తీసుకొంటూ పోయారు. 1682లో చొక్కనాథుడు చనిపోయే నాటికి తాతగారి నాటి రాజ్యంలో కొంత భాగమే మిగిలింది.

ఆనాడు రాజకుటుంబాలలో భర్తతో సహగమనం చేయడం గొప్పగా ఎంచేవారు. మంగమ్మ అలా చేయలేదు. ఆమె కొడుకు రంగకృష్ణ ముద్దువీరప్ప నాయకుడు ఇంకా చిన్నవాడు. కొడుకును గద్దె మీద కూర్చోబెట్టి వెనుక నిలబడింది. ఆ కుర్రవాడు ధైర్యశాలి. పోయిన భూమి కొంత తిరిగి సంపాదించాడు. కాని 1689లో మశూచికం వచ్చి చనిపోయాడు. అప్పటికి కోడలు ముత్తమ్మ గర్భవతి. ఆమెకు మగబిడ్డ పుట్టాడు. ప్రసవమైన కొద్దిరోజులకే ఆ తల్లి కూడా కన్ను మూసింది. భర్తా, కొడుకూ, కోడలూ పోయి, చేతిలో తల్లి లేని పసిగుడ్డుతో మంగమ్మ మిగిలింది. మూడు నెలల ఆ బిడ్డకే విజయరంగ చొక్కనాథుడని పట్టం కట్టించి, వాని పేరు మీద తాను రాజ్యభారం మోయసాగింది.

ఆమె పాలించినది పదిహేనేండ్లకు పైమాట. చుట్టూ చూస్తే ఎటు చూచినా తనకంటె బలవంతులే. వుత్తరాన ఔరంగజేబు సేనలు జుల్ఫికర్ ఖాను క్రింద చెంజికోటను ముట్టడించి కూర్చున్నాయి. ఆ సేనతో కయ్యానికి దిగితే రాజ్యం మిగలదని మంగమ్మకు తెలుసు. కప్పం కట్టి తప్పుకొన్నది. తిరువాంకూరు కప్పం ఎగవేసినప్పుడు మాత్రం వూరుకోలేదు. 1697 ప్రాంతంలో దళవాయి నరసప్పయ్యను పంపి గెలిచింది. మైసూరు చిక్కదేవరాయలు కావేరికి అడ్డుకట్ట వేయిస్తే క్రిందివారి పొలాలు ఎండిపోయాయి. అంతవరకు పోట్లాడుకొన్న మధుర, తంజావూరు వొకటై యుద్ధానికి సిద్ధపడుతూండగా పైన వానలు కురిసి ఆ కట్ట తెగిపోయింది. 1702లో రామనాథపురం సేతుపతి మీద చేసిన దండయాత్రలో మధుర సేన ఓడింది. నరసప్పయ్య అక్కడే మరణించాడు. ఇదీ ఆమె యుద్ధాల కథ. గెలుపులూ వున్నాయి, ఓటములూ వున్నాయి. వీటిని చదువుకొన్నవారు తప్ప మరెవరూ జ్ఞాపకం పెట్టుకోలేదు.

జనం జ్ఞాపకం పెట్టుకొన్నది ఆమె బాటలను. మధుర నుంచి కన్యాకుమారికి పోయే దారికి మంగమ్మాళ్ సాలై అనే పేరు ఏర్పడింది. దక్షిణ జిల్లాలలో పాత చెట్లు బారులు తీరిన దారి ఎక్కడ కనబడినా, ఎవరు వేయించారని అడిగితే పల్లెవారు మంగమ్మే అని జవాబు చెప్పేవారు. వాటిలో అన్నీ ఆమె వేయించినవే అయి వుండవు. కాని వేయించినది ఎవరో తెలియని దారికి కూడా జనం ఆమె పేరే పెట్టారంటే ఆమె మీద వారికి వుండిన గురి ఎటువంటిదో తెలుస్తున్నది.

ఆనాటి బాట అంటే ఇప్పటి తారురోడ్డు కాదు. కంకర పరచి రోలరు నడపడం అప్పటికి ఎవరూ ఎరుగరు. మట్టి కట్ట ఎత్తుగా పోసి, రెండు ప్రక్కల చెట్లు నాటి, నడిచేవాడు అలసే దూరంలో బావి త్రవ్వించి, పొద్దు క్రుంకే చోట సత్రం కట్టిస్తే అది బాట అయ్యేది. వేసవిలో చలివేంద్రం పెట్టేవారు. ఎండలు మండే యీ సీమలో చెట్టు లేకుంటే ఎద్దు నడవదు, నీళ్లు లేకుంటే మనిషి నడవడు. పెరికెద్దుల మీద వుప్పూ, ప్రత్తీ వేసుకొని తిరిగే వర్తకులకూ, రామేశ్వరం పోయే యాత్రికులకూ, బిడ్డలతో క్రొత్త వూరు వెతుక్కుంటూ పోయే మన పెద్దలవంటివారికీ చెట్టు, బావి, సత్రం, యీ మూడే ఆధారం.

ఆమె యీ పని ఎందుకు చేసిందన్నదానికి వొక కథ చెబుతారు. నెల్సన్ దొర 1868లో ప్రకటించిన మధుర దేశపు గ్రంథంలో కూడా యీ కథ వున్నది. రాణి వొకనాడు పరధ్యానంలో ఎడమచేతితో తాంబూలం నోట పెట్టుకొన్నదట. ఆ దోషం పోవడానికి ప్రాయశ్చిత్తంగా బాటలు, సత్రాలు, చెట్లు పెట్టించిందట. తాంబూలం తప్పుకు ఇంత ప్రాయశ్చిత్తమా అని మనకు నవ్వు రావచ్చును. పుణ్యం కోసమే చేసినా చేసి వుండవచ్చును. కాని పుణ్యం మాట వదిలినా బాటకు రాజ్యంలో పని లేకపోలేదు. బాట బాగుంటే వర్తకుడు వస్తాడు, వర్తకుడు వస్తే సుంకం వస్తుంది. సుంకం వస్తే మొగలాయీలకు కప్పం కట్టవచ్చును, సిపాయిలకు జీతమివ్వవచ్చును. సేన వేగంగా తిరునెల్వేలికి పోవాలన్నా అదే బాట. రాజ్యం చిక్కిపోయిన కాలంలో, మహలు కట్టడానికి డబ్బు లేనప్పుడు, చెట్టు నాటడం తెలివైన పరిపాలన కూడా అయింది.

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి వొకటి వున్నది. బాట వేయించడం వొకసారి జరిగే పని. దాన్ని నిలపడం రోజూ జరగవలసిన పని. తిరుచిరాపల్లిలో కూర్చున్న రాణి కోవిల్‌పట్టి దగ్గర ఎండిన మొక్కకు నీళ్లు పోయలేదు. ఆ భారం స్థానికుల మీద పెట్టేవారు. సత్రానికి కొన్ని పల్లెల రాబడి వ్రాసి ఇచ్చి, ఆ ధర్మం ఆ పల్లెల నుంచే నడిచేటట్లు చేయడం ఆనాటి ఆచారం. బాటమీద కావలి పాళెగాళ్లది. విశ్వనాథ నాయకుని నాడు రాజ్యాన్ని డెబ్బయిరెండు పాళెములుగా పంచారని చెబుతారు. ఆ పాళెగాళ్లలో తెలుగువారు చాలామంది. ఎట్టయాపురం, పాంచాలంకురిచ్చి, బోడినాయకనూరు వారి సంగతి మన పెద్దలు కథలుగా చెబుతూనే వుంటారు. తన హద్దులో బాటసారి సొమ్ము దొంగల పాలయితే దొంగను పట్టి ఇవ్వాలి, లేదా తన చేతి సొమ్ము ఇచ్చుకోవాలి. అందుకే పల్లెల నుంచి కావలి పన్ను పుచ్చుకొనేవాడు.

ఈ ఏర్పాటులో మంచి వొకటి వున్నది. బాటకు ప్రతి ఆమడకు వొక జవాబుదారి వుండేవాడు. చెడూ వొకటి వున్నది. ఆ జవాబుదారిని అడిగేవాడు పైన గట్టిగా వున్నంతవరకే అది నడిచేది. పైవాడు మెత్తబడితే కావలివాడే దోచుకొనేవాడు. పన్ను మిగిలి కావలి పోయేది. రాబడి పల్లెలు ఎవరో మ్రింగితే సత్రం పాడుపడేది. మంగమ్మ గట్టిగా వున్నన్నాళ్లు అడిగేవారు వుండినారు. ఆమె తరువాత లేకపోయారు.

ఆమె పాలనలో మరొక గుణం కూడా చెప్పుకోదగినది. 1701లో తిరుచిరాపల్లి దర్గాకు ఆమె ప్రభుత్వం భూమి ఇచ్చింది. క్రైస్తవ పాదిరీలను కొలువులో మర్యాదగా చూచింది. మధురలోని సౌరాష్ట్రులకు తమ ఆచారాలు జరుపుకొనే హక్కు వున్నదా లేదా అని తగవు వచ్చినప్పుడు విచారణ జరిపించి, 1704లో వారికి అనుకూలంగా ఆజ్ఞాపత్రం ఇప్పించింది. ఆ సౌరాష్ట్రులు కూడా మనవలెనే ఎక్కడినుంచో వచ్చి యీ వూరిలో నిలిచినవారు. మన మాటలు వారి భాషలో ఎన్నో కలిసి వున్నాయి. తన బాట మీద నడిచేవారిని నీదే వూరు, నీదే కులం అని అడగని రాణి కొలువులో కూడా అట్లాగే నడచుకొన్నదని అనుకోవచ్చును.

ఆమె చివరిరోజులు విచారకరమైనవి. మనుమడు పెద్దవాడయ్యాడు. అధికారం చేతులు మారే వేళ ఇంటిలో తగవు పుట్టింది. 1704కూ 1706కూ నడుమ ఆమె కథ ముగిసింది. ఎట్లా ముగిసిందన్న దానికి జనం చెప్పుకొనేది భయంకరంగా వుంటుంది. ఆమెను వొక గదిలో బంధించి, కనబడే దూరంలో అన్నం పెట్టి, అందకుండా చేసి, ఆకలితో చంపారట. ఇది కథేగాని రుజువు కాదు. అయితే ఆ కథలోని న్యాయం చూడండి. దారినపోయే ప్రతి పరదేశికీ అన్నం పెట్టిన తల్లికి సొంత ఇంటిలో ముద్ద దొరకలేదని జనం బాధపడ్డారు. ఆ బాధే తరం తరంగా కథ అయి మన దాకా వచ్చింది. మధురలో ఆమె నివసించిందని చెప్పే తముక్కం మహలులో ఇప్పుడు గాంధీ స్మారక ప్రదర్శనశాల వున్నది. నెహ్రూగారు 1959లో దాన్ని ప్రారంభించారు. మీనాక్షి గుడిలో ఊంజల్ మండపం పైకప్పున వున్న అమ్మవారి కళ్యాణ చిత్రంలో మంగమ్మా, మనుమడు విజయరంగడూ నిలబడి వుంటారు. గుడికి పోయినప్పుడు పిల్లలకు తలయెత్తి చూపించండి.

మనుమడు 1732 వరకు పాలించాడు. దైవభక్తి కలవాడేగాని రాజ్యం పట్టు జారిపోయింది. అతని భార్య మీనాక్షితో 1736 ప్రాంతంలో నాయకరాజ్యం అంతమయింది. తరువాత నవాబులు, తరువాత కుంపిణీ. 1801లో యీ సీమ యావత్తు కుంపిణీ చేతికి వచ్చాక పాళెగాళ్ల కావలి తీసివేశారు. కావలి తీసివేసినంత తొందరగా దాని స్థానంలో మరొకటి పెట్టలేదు. కొన్ని దశాబ్దాల వరకు బాటలను పట్టించుకొన్న నాథుడు లేడు. 1866లో రోడ్డు సెస్సు చట్టం వచ్చింది. భూమి మీద పన్నువేసి ఆ డబ్బు రోడ్లకు వాడటం దాని వుద్దేశం. మధుర, కోయంబత్తూరు పట్టణాలకు మునిసిపాలిటీలు ఏర్పడింది కూడా ఆ యేటనే. 1871లో స్థానిక నిధుల చట్టం, 1884లో స్థానిక బోర్డుల చట్టం వచ్చాయి. జిల్లాబోర్డు, తాలూకాబోర్డు, యూనియను అని మూడంతస్తులు ఏర్పడ్డాయి. రోడ్డు వేయడం, బాగుచేయడం, ప్రక్కన చెట్లు పెంచడం, సత్రాలు చూడటం వారి పనులలో చేర్చారు. మంగమ్మ చేసిన నాలుగు పనులూ చట్టంలోకి ఎక్కాయన్నమాట.

ఆ బోర్డులవారు రోడ్డు చింతచెట్ల కాయను యేటేటా వేలం వేసేవారు. ఆ రాబడి బోర్డు ఖజానాకు చేరేది. చెట్టు నీడనిచ్చి, కాయనిచ్చి, రోడ్డు ఖర్చులో తనవంతు కూడా ఇచ్చింది. చెట్టు కొట్టేస్తే బోర్డుకు నష్టం గనుక మెంబర్లు కన్ను వేసి వుంచేవారు. రోడ్డు గుంటపడితే వూరి పెద్ద తనకు తెలిసిన మెంబరు ఇంటికి పోయి అడిగేవాడు. బోర్డులలో పక్షపాతం లేదని నేననను. కంట్రాక్టుల తగవులు అప్పుడూ వున్నాయి. కాని అడగవలసిన మనిషి నడిచిపోయే దూరంలో వుండేవాడు.

1946లో మద్రాసు ప్రభుత్వం హైవేస్ డిపార్టుమెంటు పెట్టింది. 1956లో జాతీయ రహదారుల చట్టం వచ్చింది. 1958 పంచాయతీ చట్టంతో జిల్లాబోర్డులు పోయి పంచాయతీ యూనియన్లు వచ్చాయి. పెద్ద రోడ్లు పైకి పోయాయి, చిన్నరోడ్లు క్రింద మిగిలాయి. దీనివల్ల లాభం లేకపోలేదు. వంతెనలు కట్టడం, నాలుగు వరుసల రోడ్డు వేయడం వొక జిల్లాబోర్డు వల్ల అయ్యే పని కాదు. కన్యాకుమారి దారి కాశీ నుంచి వచ్చే ఏడవ నంబరు జాతీయ రహదారిలో భాగమయింది. 2010లో నంబర్లు మార్చినప్పుడు శ్రీనగరు నుంచి వచ్చే నలభైనాలుగవ నంబరులో చేరింది. హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా వచ్చి మధుర చేరి కోవిల్‌పట్టి, కయత్తారు దాటి కన్యాకుమారికి పోతుంది. అంటే మంగమ్మ పేరు మోసిన దారి ఇప్పుడు నేరుగా మన తెలుగునాటికే కలిసింది. సంతోషించవలసిందే. కాని దారి వెడల్పు చేసినప్పుడు పాతచెట్లు పడిపోయాయి. ఏ చెట్టు వుంచాలి, వూరిలోకి దారి ఎక్కడ వదలాలి, వాననీరు ఎటు పోవాలి అని ఆ పల్లెవారిని ఎంతవరకు అడిగారన్నది వొక ప్రశ్న.

నేను రైల్వేలో గుమాస్తాను. మా శాఖలో కీమాన్ అని వొక వుద్యోగి వుంటాడు. సుత్తీ, జెండాలూ పట్టుకొని తనకు అప్పగించిన పట్టాల వెంట రోజూ నడుస్తాడు. వదులయిన బందు బిగిస్తాడు, బిగించలేనిది పైవారికి చెబుతాడు. ఎంత పెద్ద ఇంజనీరు లెక్కలు వేసినా ఆ నడిచేవాని కన్ను లేకుంటే రైలు నడవదు. రోడ్డుకు ఆ కన్ను ఎవరు? పైఆఫీసు మద్రాసులోనో ఢిల్లీలోనో వుంటుంది. రోడ్డు పడమటి ప్రక్క గుంట వారికి కనబడదు. ఆ ప్రక్క ఇంటివానికే కనబడుతుంది.

1992లో మన రాజ్యాంగానికి చేసిన 73, 74 సవరణలు యీ సంగతి గుర్తించాయి. పంచాయతీలకు అప్పగించదగిన పనుల పట్టికలో రోడ్లు, కల్వర్టులు, వంతెనలు వున్నాయి. పట్టణాల పట్టికలో నగర ప్రణాళిక, రోడ్లు, వంతెనలు వున్నాయి. పట్టికలో వ్రాసినంత మాత్రాన పని జరగదు. పెద్దరోడ్లు కేంద్రానివో, రాష్ట్రానివో అయినంత మాత్రాన మనకు నోరు లేకుండా పోదు కూడా. తమిళనాడు పల్లెలలో జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీలలో గ్రామసభ జరుగుతుంది. అందులో వోటరు అయిన ప్రతివాడూ లేచి మాట్లాడవచ్చును. తీర్మానం వ్రాయించవచ్చును. పట్టణంలో వున్నవారికి వార్డు మెంబరు వున్నాడు. మధుర 1971లోనూ కోయంబత్తూరు 1981లోనూ కార్పొరేషన్లయినాయి. రెండు వూళ్లలోనూ మన తెలుగు కుటుంబాలు ఎన్నో వున్నాయి. ఎన్నికలనాడు వోటు వేయడం మనకు తెలుసు. మిగిలిన రోజుల్లో అడగడమే మనకు చేతకాదు. వలస వచ్చినవాళ్లం, మనకెందుకు అనే వొక జంకు తరతరాలుగా మనలో వుండిపోయింది.

ఆ జంకు విడవవలసిన కాలం ఎప్పుడో దాటింది. ఇక్కడ పుట్టి ఇక్కడ పెరిగిన మనకు యీ వూరి దారి పరాయిది కాదు. మంగమ్మ పూర్వీకులు కూడా తెలుగునాటినుంచి వచ్చినవారే. ఆమె యీ సీమను పరాయిదని అనుకొని వుంటే చెట్టు నాటేదికాదు. చెట్టు నాటినవాడు దాని నీడ తన కాలంలో చూడడు. అది తెలిసే నాటించింది.

ఈ ఉగాదినాడు పచ్చడి తిని, పంచాంగం విని, సంఘం విందుకు వచ్చే మన కుటుంబాలకు నా మనవి వొకటే. మీ వీధి మొదట్లోనో, మీ పల్లె మలుపులోనో వున్న రోడ్డు మీద వొక పర్లాంగును మీదిగా అనుకోండి. గుంట పడితే, చెట్టు ఎండితే, కాలువ పూడితే ఏ ఆఫీసుకు చెప్పాలో తెలుసుకొని వ్రాతమూలంగా చెప్పండి. వినకుంటే మే 1వ తేదీ గ్రామసభలో లేచి చెప్పండి. వీలయితే మీ పిల్లల చేత రెండు వేపమొక్కలు నాటించి, మూడు వేసవులు నీళ్లు పోయించండి. రాణి మంగమ్మకు విగ్రహం పెట్టడం కంటె ఆమె మెచ్చే పని అదేనని నా నమ్మకం.